హైదరాబాద్–డాలస్: 14,400 కిలోమీటర్ల దూరానికి 23 గంటలు ఎందుకు పడుతుంది?

రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే దూరం, సమయం చెప్పే వెబ్‌సైట్లు బోలెడున్నాయి. హైదరాబాద్, డాలస్ అని కొడితే దూరం 14,400 కిలోమీటర్ల పైచిలుకు, సమయం 16 లేదా 17 గంటలు అని చూపిస్తాయి. దూరం అంకె సరైనదే. సమయం మాత్రం ఏ ప్రయాణికుడికీ అనుభవంలోకి రానిది. ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా ఎగిరే విమానం లేదు. టికెట్టు కొన్నవాళ్లు అవతలి విమానాశ్రయం చేరడానికి 21 గంటల నుంచి 30 గంటల దాకా పడుతుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే టికెట్టు ఎంచుకునే తీరే మారుతుంది.

ముందు దూరం సంగతి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి గోడమీది పటంలో గీసిన గీత కాదు, గ్లోబు మీద దారం బిగించి లాగితే పడే గీత. దాన్నే మహావృత్తం అంటారు. లెక్కకు నాలుగు అంకెలు చాలు. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. డాలస్–ఫోర్ట్ వర్త్ 32.90 ఉత్తరం, 97.04 పడమర. తూర్పును ధనంగా, పడమరను రుణంగా తీసుకుంటే రేఖాంశాల తేడా 175.47 డిగ్రీలు. ఇక రెండు అక్షాంశాల సైన్‌లను గుణించాలి, 0.161 వస్తుంది. రెండింటి కోసైన్‌లను గుణించి, దాన్ని రేఖాంశ తేడా కోసైన్‌తో మళ్లీ గుణించాలి, మైనస్ 0.799 వస్తుంది. రెండూ కలిపితే మైనస్ 0.638. ఆ కోసైన్ ఉన్న కోణం 129.7 డిగ్రీలు. భూమ్మీద ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున లెక్కేస్తే దాదాపు 14,420 కిలోమీటర్లు తేలుతుంది.

ఈ లెక్క సొంతంగా వేసుకునేవాళ్లు తప్పటడుగు వేసేది రెండు చోట్ల. ఎక్సెల్‌లో సైన్, కోసైన్ ఫంక్షన్లకు కోణాన్ని రేడియన్లనే వేరే కొలతలో ఇవ్వాలి. డిగ్రీలు ఇచ్చినా అది కిమ్మనకుండా ఏదో ఒక సమాధానం ఇచ్చేస్తుంది. రెండోది, డాలస్ రేఖాంశం ముందు మైనస్ గుర్తు మర్చిపోవడం. అప్పుడు దూరం 2,550 కిలోమీటర్లు అని వస్తుంది. అది హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఉన్నంత దూరం! ఆ అక్షాంశ రేఖాంశాల దగ్గర నిజానికి ఉన్నది చైనాలోని ఛింఘై పీఠభూమి. భూమి అచ్చమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టు ఉంటుంది కాబట్టి ఖచ్చితమైన లెక్కలో కొద్ది కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. అంత దూరంలో అది పట్టించుకోవలసిన విషయం కాదు. మైళ్లతో మాత్రం జాగ్రత్త. ఇదే దూరం మామూలు మైళ్లలో 8,960, నాటికల్ మైళ్లలో సుమారు 7,785. విమానం తయారుచేసే కంపెనీలు ఎంత దూరం ఎగరగలదో చెప్పేది నాటికల్ మైళ్లలోనే. ఒక నాటికల్ మైలంటే 1,852 మీటర్లు.

ఆ దారం గ్లోబు మీద ఎక్కడెక్కడ పడుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. డాలస్ పడమటి దిక్కున ఉందనుకుంటాం కదా, శంషాబాద్ నుంచి గీత దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి లేస్తుంది. కేవలం 5 డిగ్రీలు పడమరకు ఒరుగుతుంది. భోపాల్‌కు తూర్పుగా సాగి, ఢిల్లీ శివార్ల మీదుగా వెళ్లి, కారకోరం పర్వతాల్లో ప్రపంచంలోనే రెండో ఎత్తైన శిఖరం కే2 దరిదాపుల్లో దాటుతుంది. ఆ తర్వాత చైనా పడమటి అంచు, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, సైబీరియా, కారా సముద్రం. ఉత్తర ధ్రువానికి 525 కిలోమీటర్ల చేరువ దాకా, అంటే 85 డిగ్రీల అక్షాంశం దాటి వెళ్లి, అవతలి వైపు కెనడాలోని ఎల్స్‌మియర్ దీవి, హడ్సన్ అఖాతం పరిసరాల మీదుగా దిగుతుంది. గోడపటంలో ఈ రెండు ఊళ్లను కలుపుతూ స్కేలు పెట్టి గీస్తే గీత అరేబియా, సహారా ఎడారి, అట్లాంటిక్ మీదుగా పోతుంది. ఆ దారిన వెళ్తే 17,700 కిలోమీటర్లు అవుతుంది, అంటే 3,000 కిలోమీటర్లకు పైగా చుట్టు.

ఇక వేగం. పెద్ద విమానాలు ధ్వనివేగంలో 85 శాతం దగ్గర ఎగురుతాయి. 11 కిలోమీటర్ల ఎత్తున గాలి మైనస్ 56 డిగ్రీలు ఉంటుంది, అక్కడ ధ్వని గంటకు 1,060 కిలోమీటర్లు పోతుంది. 85 శాతం అంటే 900. 14,420ని దానితో భాగిస్తే 16 గంటలు. ఎక్కడానికి, దిగడానికి, రన్‌వే దాకా దొర్లడానికి ఓ అరగంట, ముప్పావుగంట కలపాలి. వెబ్‌సైట్ చెప్పిన 16, 17 గంటలు వచ్చింది ఇక్కడి నుంచే. అలా ఎగిరే విమానం ఉండాలన్నదొక్కటే దాని షరతు.

విమానాలకు ఆ సత్తా లేక కాదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కు క్వాంటాస్ సంస్థ 2018 మార్చిలో బోయింగ్ 787-9తో నేరు సర్వీసు మొదలుపెట్టింది, ఆ దూరం 14,500 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్–డాలస్ కంటే ఓ చెయ్యి ఎక్కువే. సింగపూర్–న్యూయార్క్ 15,300 దాటుతుంది. మన దేశంలోనూ ప్రయత్నం జరిగింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా బెంగళూరు–శాన్ ఫ్రాన్సిస్కో సర్వీసు మొదలుపెట్టింది. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన ఆ తొలి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అంతా మహిళా పైలట్లే ధ్రువం మీదుగా నడిపారు. అదే నెలలో హైదరాబాద్–షికాగో నేరు సర్వీసు కూడా మొదలైంది, దూరం దాదాపు 13,280 కిలోమీటర్లు. అది కొనసాగలేదు.

ఇబ్బంది ఆ గీత పోయే చోట్లలోనే ఉంది. కారకోరం మీద కేబిన్‌లో గాలి ఒత్తిడి పోయిందనుకుందాం. ప్రయాణికుల నెత్తిమీద జారిపడే ఆక్సిజన్ మాస్కులు చాలా విమానాల్లో పావుగంట, ఇరవై నిమిషాలకు మించి పనిచెయ్యవు. ఈలోగా విమానం 10,000 అడుగులకు దిగాలి. కింద కొండలేమో 25,000 అడుగులు దాటి ఉన్నాయి. అందుకే అలాంటి చోట్ల ఎక్కడ ఎటు మళ్లి ఎక్కడికి దిగాలో ముందే గీసిపెట్టుకుని వెళ్లాలి, లేదా కొండలనే తప్పించుకోవాలి. 78 డిగ్రీల అక్షాంశం దాటితే అమెరికా నిబంధనల్లో అది ధ్రువ ప్రాంతం. అక్కడ అయస్కాంత దిక్సూచి నమ్మదగింది కాదు. అత్యవసరంగా దిగడానికి విమానాశ్రయాలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని. ఇంధనం గడ్డకట్టే చలి కూడా ఆలోచించాలి. అమెరికాలో నింపే జెట్-ఏ ఇంధనం మైనస్ 40 దగ్గర, మన దగ్గర నింపే జెట్ ఏ-1 మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ట్యాంకుల్లో ఉష్ణోగ్రత ఆ దగ్గరికి వస్తే పైలట్లు వేగం పెంచుతారు, లేదా వెచ్చటి గాలి ఉన్న ఎత్తుకు మారతారు.

శంషాబాద్ వైపు ఇంకో చిక్కు. అది సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి పలచబడుతుంది, రెక్కలకు లేచే బలం, ఇంజన్లకు తోసే బలం రెండూ తగ్గుతాయి. 4,260 మీటర్ల రన్‌వే ఉన్నా ఇంధనం నిండుగా, సీట్లు నిండుగా, సరుకు నిండుగా ఒకేసారి లేవడం కష్టం. సుదూర విమానాలు తెల్లవారుజామున బయల్దేరడానికి ఇదొక కారణం. పైగా ఇంధనాన్ని మోసుకెళ్లడానికే ఇంధనం కావాలి. అదనంగా ఎక్కించిన బరువులో గంటకు 3 నుంచి 4 శాతం ఆ మోతకే కాలిపోతుందని పైలట్ల పాత లెక్క. 16 గంటల ప్రయాణంలో టన్ను ఎక్కువ పోస్తే అవతల మిగిలేది దాదాపు సగం. నేరు విమానం టికెట్టు ఎందుకంత ప్రియమో ఈ ఒక్క అంకె చెప్పేస్తుంది.

భూగోళం కంటే గట్టి గోడలు రాజకీయాలవి. రష్యా 2022 నుంచి అమెరికా విమాన సంస్థలను తన గగనతలంలోకి రానివ్వడం లేదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ భారత విమాన సంస్థలకు గగనతలం మూసేసింది. అప్పట్లో అమెరికా, కెనడాల నుంచి వచ్చే కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు ఇంధనం కోసం మధ్యలో యూరప్‌లో దిగాల్సి వచ్చింది. ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును 2025 సెప్టెంబర్ 1 నుంచి ఆ సంస్థ ఆపేసింది, చెప్పిన కారణాల్లో ఈ మూసివేత ఒకటి. గీత ఒకటే, దూరం ఒకటే. దానిమీద ఎవరు ఎగరొచ్చన్నది మాత్రం విమానం తోకమీద ఏ దేశం జెండా ఉందో దాన్నిబట్టి ఉంటుంది.

సరే, నేరుగా లేదు కాబట్టి మధ్యలో ఎక్కడో దిగాలి. ఎక్కడ దిగితే ఎంత చుట్టు అవుతుందో మహావృత్తాల లెక్కనే చూద్దాం. దుబాయ్ మీదుగా హైదరాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డాలస్ 12,920, కలిపి 15,470 కిలోమీటర్లు. దోహా మీదుగా 15,660. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 15,370. నాలుగింటికీ మధ్య అత్యధిక తేడా 290 కిలోమీటర్లు, గాల్లో ఇరవై నిమిషాలు. అంటే ఏ ఊరు మీదుగా వెళ్తే దగ్గర అని బుర్ర బద్దలుకొట్టుకోవడం దండగ.

అంతకంటే విడ్డూరం ఢిల్లీ. నేరు గీత ఢిల్లీ పక్కనుంచే పోతుందని చూశాం కదా. హైదరాబాద్–ఢిల్లీ–షికాగో–డాలస్ దారిని కూడితే 1,265, 12,020, 1,290, మొత్తం 14,575 కిలోమీటర్లే. నేరు దారికంటే 155 కిలోమీటర్లు ఎక్కువ, అంతే. కిలోమీటర్ల లెక్కన ఇదే అన్నింటికంటే దగ్గరి దారి. సమయం లెక్కన తరచూ ఇదే అన్నింటికంటే ఆలస్యం. రెండుచోట్ల మారాలి. ఢిల్లీలో దేశీయం నుంచి అంతర్జాతీయంలోకి వెళ్లాలి. షికాగో అమెరికాలో అడుగుపెట్టే మొదటి ఊరు కాబట్టి ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే. డాలస్ దాకా ట్యాగ్ వేసిన పెట్టెలను కూడా షికాగోలో బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. తర్వాత ఇంకోసారి సెక్యూరిటీ వరస. ఈ తతంగానికి మూడు గంటలు కూడా ఒక్కోసారి చాలవు. దుబాయ్, దోహా, లండన్‌ల మీదుగా వస్తే ఇదంతా డాలస్‌లోనే అవుతుంది, ఆలస్యమైనా తప్పిపోయే విమానం ఉండదు.

గాల్లో ఉండే గంటల్ని కదిపేది గాలి. ఉత్తరార్ధగోళంలో మధ్య అక్షాంశాల మీద 10, 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ వీస్తుంది. చలికాలంలో గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. అమెరికాకు వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోసే గాలి. అందుకే దుబాయ్ నుంచి డాలస్‌కు 16 గంటలకు అటూ ఇటూ పడితే, డాలస్ నుంచి దుబాయ్‌కి 14 నుంచి 15 గంటల్లో వచ్చేస్తారు. పైలట్లు, నేలమీద నుంచి దారి నిర్ణయించే డిస్పాచర్లు రోజూ గాలుల తీరు చూపే పటాలు చూసి దారి మారుస్తారు. 500 కిలోమీటర్లు చుట్టు తిరిగినా ఎదురుగాలి తప్పితే ముందే చేరొచ్చు. సీటు ముందు తెరమీద ఈరోజు ఐస్‌లాండ్ దగ్గరగా, వారం తర్వాత ఇంకా దక్షిణంగా గీత కనిపించేది ఇందుకే.

దుబాయ్–డాలస్ మహావృత్తం ఇరాన్ దాటాక ఉక్రెయిన్ తూర్పున ఖార్కివ్ పరిసరాల మీదుగా పడుతుంది. ఆ గగనతలం 2022 ఫిబ్రవరి 24 నుంచి పౌర విమానాలకు మూసి ఉంది. కాబట్టి వెబ్‌సైట్ చూపే 12,920 కిలోమీటర్లు కాగితం మీద అంకె, ఎగిరేది అంతకంటే ఎక్కువే. గల్ఫ్‌లో ఉద్రిక్తతలు వస్తే పరిస్థితి గంటల్లో తారుమారవుతుంది. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలు గగనతలం మూసేస్తే దోహాకు వస్తున్న విమానాలు ఎక్కడెక్కడో దిగాయి.

ఇప్పుడు టికెట్టు చదవడం. మీదున్న వేళలన్నీ ఏ ఊరివి ఆ ఊరి గడియారంలో ఉంటాయి. ఒక ఉదాహరణ. జులైలో హైదరాబాద్‌లో ఉదయం 4 గంటలకు బయల్దేరి, దుబాయ్‌లో 6:20కి దిగి, 9:40కి మళ్లీ ఎక్కి, డాలస్‌లో సాయంత్రం 4:40కి దిగే టికెట్టు ఉందనుకుందాం. తేదీ అదే. చూసినవాళ్లు 12 గంటల 40 నిమిషాల్లో అమెరికా వెళ్లిపోయారే అనుకుంటారు. డాలస్ గడియారం వేసవిలో మనకంటే పదిన్నర గంటలు వెనక. అది కలిపితే అసలు ప్రయాణం 23 గంటల 10 నిమిషాలు. ముక్కలుగా విడదీస్తే దుబాయ్‌కి 3:50, అక్కడ ఆగింది 3:20, డాలస్‌కు 16:00. చలికాలంలో అదే ప్రయాణానికి డాలస్‌లో 3:40 అని రాసి ఉంటుంది, ఎందుకంటే నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదకొండున్నర గంటలు. మన గడియారం, దుబాయ్ గడియారం మారవు, అమెరికాది మారుతుంది. తీసుకురావడానికి వచ్చేవాళ్లు గంట ముందో వెనకో వచ్చి నిలబడేది ఈ రెండు ఆదివారాల చుట్టూనే.

తిరుగు ప్రయాణంలో బొమ్మ తలకిందులవుతుంది. డాలస్‌లో వేసవి మధ్యాహ్నం 12కి బయల్దేరితే మనకు రాత్రి 10:30. దుబాయ్‌కి 14:40, అక్కడ 3 గంటలు, హైదరాబాద్‌కు 3:20, మొత్తం 21 గంటలు. శంషాబాద్‌లో దిగేది మర్నాడు రాత్రి 7:30కి. క్యాలెండర్‌లో ఒక పగలు మాయమైపోతుంది. సెలవు పొడిగింపులు, వీసా అపాయింట్‌మెంట్లు, పెళ్లి ముహూర్తాలు పెట్టుకునేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. 14న పెళ్లి ఉంటే 13న డాలస్‌లో విమానం ఎక్కితే సరిపోతుందనుకుంటారు, అది 14 రాత్రికి గానీ దించదు.

మధ్యలో ఆగే సమయమే అసలు తిరకాసు. 23 గంటల టికెట్టును 21కి దించేది ఆ ఆగడంలో మిగిల్చుకున్న రెండు గంటలే. విమానం మారడానికి గంటా ఇరవై నిమిషాలే ఉన్న టికెట్టు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. శంషాబాద్‌లో పొగమంచుకో, రన్‌వే వరసకో 40 నిమిషాలు పోతే మిగిలేది 40 నిమిషాలు. అమెరికా విమానాల గేట్లు ముందే మూసేస్తారు, పాస్‌పోర్ట్, వీసా మళ్లీ చూస్తారు, అదనపు తనిఖీ పడొచ్చు. దుబాయ్ నుంచి డాలస్‌కు నేరు విమానం రోజుకు ఒకటే, అది పోతే 24 గంటలు ఆగాలి, లేదా వేరే ఊరు మీదుగా తిప్పి పంపుతారు. పెద్దవాళ్లు, వీల్‌చెయిర్ అడిగినవాళ్లు ఉంటే విమానం మారడానికి రెండున్నర నుంచి నాలుగు గంటలు ఉండటమే సరైనది. వీల్‌చెయిర్ మనుషుల్ని అందరూ దిగాక చివర్లో దించుతారు.

రెండు వేర్వేరు టికెట్లు కొని డబ్బు మిగుల్చుకోవాలనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే మొదటిది ఆలస్యమైతే రెండోదానికి పూచీ విమాన సంస్థదే. వేర్వేరు అయితే రెండో టికెట్టు డబ్బు పోయినట్టే. పెట్టె కూడా మధ్యలో తీసుకోవాల్సి రావచ్చు, దానికి ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, అడుగుపెట్టడానికి వీసా కావాలి. పాస్‌పోర్టులో అమెరికా వీసా ముద్ర గడువు తీరిపోయి, పొడిగింపు కాగితం మాత్రమే చేతిలో ఉన్న హెచ్-1బీ ఉద్యోగులు ఇండియాకు వచ్చేటప్పుడు లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారులు ఎంచుకునే ముందు అక్కడి ట్రాన్సిట్ వీసా నిబంధనలు చదువుకోవాలి. గల్ఫ్‌లో విమానాశ్రయం దాటి బయటికి రానంతకాలం ఆ బెడద ఉండదు.

ఇంటి నుంచి ఇంటికి లెక్క వేస్తే గాల్లో ఉన్న గంటలు ఇంకా చిన్నబోతాయి. విజయవాడ నుంచి బయల్దేరే కుటుంబానికి శంషాబాద్ దాకా రోడ్డుమీద ఐదు గంటలు, చౌటుప్పల్ దగ్గర ట్రాఫిక్ తగిలితే ఆరు. విమానానికి మూడు గంటలు ముందు చేరాలి. ఆ తర్వాత 23 గంటలు. డాలస్‌లో ఇమ్మిగ్రేషన్ వరస, పెట్టెలు, పచ్చళ్ల జాడీల గురించి కస్టమ్స్ అడిగే ప్రశ్నలు కలిపి గంటన్నర నుంచి రెండు గంటలు. అక్కడి నుంచి ఫ్రిస్కోకో ఇర్వింగ్‌కో ఇంకో అరగంట. మొత్తం 33, 34 గంటలు. అందులో విమానం కదులుతున్నది 20 గంటల కంటే తక్కువే. 14,420 కిలోమీటర్లను 34తో భాగిస్తే సగటు వేగం గంటకు 424 కిలోమీటర్లు.